అవలాంచ్‌లో చిక్కుకుంటే ఏం చేయాలి? స్కీయింగ్‌కి వెళ్లే ముందే నేర్చుకోవాల్సినవి

"మంచులో కూరుకుపోతే పైకి ఎటు తవ్వుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: "ఉమ్మితే అది ఎటు కారితే అటు కింద, రెండో వైపు తవ్వుకుంటూ రావాలట కదా?"

తవ్వుకోలేరు. అవలాంచ్ అంటే కొండ వాలు మీది మంచు ఒక్కసారిగా కిందికి జారిపడటం. అలా దొర్లేటప్పుడు నీళ్లలా పారిన మంచు, ఆగిన మరుక్షణం సిమెంటులా బిగిసిపోతుంది. చాలామంది వేలు కూడా కదపలేరు. ఎటు పైనో తెలిసినా చేయగలిగేదేమీ ఉండదు. మిమ్మల్ని బయటికి తీసేది మీతో వచ్చిన ఇద్దరు ముగ్గురే. వాళ్ల చేతిలో ఉన్న టైం సుమారు 10 నిమిషాలు. స్విట్జర్లాండ్ ప్రమాదాల లెక్కలు తీసి 2024లో చేసిన విశ్లేషణ ప్రకారం, 10 నిమిషాల్లోపు బయటపడినవాళ్లలో నూటికి 90 మంది బతికారు. 10 నుంచి 30 నిమిషాల మధ్య ఆ సంఖ్య 30 దగ్గరికి పడిపోయింది. హెలికాప్టర్ అంత త్వరగా రాదు.

అందుకే ఇందులో సగం మీ కోసం, సగం మీ జట్టు కోసం. మీరొక్కరే చదివి ఊరుకుంటే మీకు పెద్దగా ఉపయోగం లేదు. వాళ్ల చేత కూడా చదివించండి.

మాట గురించి ఒక్క ముక్క. పేపర్లలో దీన్ని హిమపాతం అంటారు, మామూలుగా మంచు కురవడాన్నీ హిమపాతమనే అంటారు. ఆ గందరగోళం లేకుండా ఇక్కడ అవలాంచ్ అనే రాస్తాను.

ఎందుకు జారుతుంది? (ఇంతవరకు తెలిస్తే చాలు)

స్కీయర్లను చంపేది ఎక్కువగా పలకలా విరిగే అవలాంచ్. కింద పంచదార పలుకుల్లా విడివిడిగా ఉన్న బలహీనమైన పొర, దాని మీద ఒకదానికొకటి అతుక్కున్న గట్టి మంచు పలక. ఆవాలు పోసి వాటి మీద చెక్క పలక పెట్టి వంచినట్టు అన్నమాట. కొత్త మంచు బరువు, గాలి మోసుకొచ్చి పోగేసిన మంచు, వాన, ఒక్కసారిగా పెరిగిన వేడి, వీటిలో ఏదైనా ఆ పలకను తెగే స్థితికి తెస్తుంది. చివరి తోపు మాత్రం చాలాసార్లు మనిషిదే. స్కీయర్లు చనిపోయిన ప్రమాదాల్లో పదింట తొమ్మిది, బాధితుడో అతని జట్టులోవాళ్లో కదిపినవే. అరుపులకి అవలాంచ్ రాదు, అది సినిమాల్లోనే. మీ బరువుకి వస్తుంది.

కావలసినవి

జట్టులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. ఇద్దరికి ఒకటి అనే లెక్క కుదరదు.

- ట్రాన్సీవర్ (బీకన్ అని కూడా అంటారు). మంచు కింది నుంచి రేడియో సిగ్నల్ పంపేది, వెతికేటప్పుడు ఎదుటివాళ్ల సిగ్నల్ ఎటు, ఎంత దూరంలో ఉందో తెర మీద బాణంతో, అంకెతో చూపేది. 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే, మూడు యాంటెన్నాలున్న డిజిటల్‌ది. ఏ కంపెనీది అయినా మిగతావాటి సిగ్నల్ అందుకుంటుంది.
- ప్రోబ్. మంచులో గుచ్చి మనిషి ఎక్కడున్నారో చూసే, మడతపెట్టే పొడవాటి కడ్డీ. కనీసం 240 సెంటీమీటర్లు ఉండాలి.
- లోహపు పార. ప్లాస్టిక్‌ది గడ్డకట్టిన మంచులో విరుగుతుంది.
- ఫోన్ లేదా రేడియో, ప్రథమ చికిత్స సామాను, వెచ్చని జాకెట్ అదనంగా ఒకటి, హెల్మెట్.
- స్తోమత ఉంటే ఎయిర్‌బ్యాగ్, అంటే పిడి లాగగానే గాలితో ఉబ్బే వీపు సంచి. చిన్న రాళ్లూ పెద్ద రాళ్లూ కలిపి కుదిపితే పెద్దవి పైకొస్తాయి కదా, సూత్రం అదే. ఉబ్బిన బ్యాగ్ మిమ్మల్ని పై పొరలో ఉంచుతుంది. చెట్లకి, రాళ్లకి కొట్టుకోకుండా మాత్రం ఆపలేదు.

జాకెట్లలో కుట్టే రెకో రిఫ్లెక్టర్ ట్రాన్సీవర్‌కి ప్రత్యామ్నాయం కాదు. దాన్ని పట్టే యంత్రం రెస్క్యూ బృందాల దగ్గరే ఉంటుంది, మీ స్నేహితుడి దగ్గర కాదు. ఫోన్ యాప్‌లను అసలు నమ్ముకోకండి.

ట్రాన్సీవర్, ప్రోబ్, పార, ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ రోజు స్కీ ప్రాంతం లోపల, తెరిచి ఉన్న దారుల్లోనే తిరగండి. అక్కడా ఆనందానికి లోటు లేదు.

1. బులెటిన్ చదవండి

స్విట్జర్లాండ్‌లో ఎస్‌ఎల్‌ఎఫ్, కెనడాలో అవలాంచ్ కెనడా, ఇలా మంచు ఎక్కువగా ఉండే చాలా ప్రాంతాలకి ఒక సంస్థ బులెటిన్‌లో అవలాంచ్ ప్రమాద స్థాయి ప్రకటిస్తుంది. స్థాయిలు 1 నుంచి 5 దాకా.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 5లో 3 అంటే మధ్యస్థం, ఫర్వాలేదు అనుకుంటారు. కాదు. 3 అంటే ఒక్క మనిషి బరువుకే పలక తెగే చోట్లు ఉన్నాయని అర్థం. స్కీయర్ల మరణాల్లో పెద్ద భాగం ఈ స్థాయిలోనే. 4, 5 అంటే భయపడి ఇంట్లో ఉంటారు, 3 అంటే బయల్దేరతారు.

అంకె చూసి పేజీ మూసేయకండి. ఏ దిక్కు వాలుల్లో, ఎంత ఎత్తు పైన, ఏ రకం సమస్య ఉందో కింద రాస్తారు. మీరు వెళ్లే వాలు ఆ వర్ణనకి సరిపోతే దారి మార్చండి.

2. వాలు కోణం కొలవండి

పలక అవలాంచ్‌లు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య తెగుతాయి. స్కీయింగ్‌కి బాగా మజా వచ్చేది కూడా అక్కడే, అదే చిక్కు. వెర్నర్ ముంటర్ అనే స్విస్ గైడ్ పద్ధతి నుంచి వచ్చిన సులువైన లెక్క ఇది:

- స్థాయి 2: 40 డిగ్రీల లోపు వాలులే.
- స్థాయి 3: 35 లోపు. మీరున్న చోటే కాదు, ఆ వాలు మొత్తంలో బాగా నిటారుగా ఉన్న చోటు లెక్క.
- స్థాయి 4: 30 లోపు. పైనా పక్కనా ఉన్న వాలుల నుంచి వచ్చిపడే మంచు కూడా అందని చోటు.
- స్థాయి 5: వెళ్లొద్దు.

కొలవడానికి స్కీ పోల్‌ని వాలు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెట్టి కోణం చూపే యాప్ తెరవండి. నిటారుగా ఉన్న చోటికి వెళ్లి కొలవకండి. అంచున, భద్రమైన చోట కొలవండి. బయల్దేరే ముందే వాలు కోణాలు రంగుల్లో చూపే మ్యాప్ చూసుకుంటే ఇంకా మేలు. కంటి అంచనా నమ్మకండి. కొత్తలో 37 డిగ్రీల వాలుని నేను 30 అని ఘంటాపథంగా చెప్పాను.

మీరు మెల్లని వాలు మీదే ఉన్నారనుకోండి. పైన నిటారు వాలు ఉంటే మీరు ఇంకా ప్రమాదంలోనే ఉన్నట్టు.

3. బయల్దేరే చోట ట్రాన్సీవర్లు సరిచూడండి

ఒకరు సెర్చ్ మోడ్‌లో (సిగ్నల్ వెతికేది) నిలబడాలి, మిగతావాళ్లు సెండ్‌లో (సిగ్నల్ పంపేది) పెట్టుకుని, దూరదూరంగా ఒక్కొక్కరే ఆయన ముందు నుంచి వెళ్లాలి. అందరి సిగ్నల్ వినిపించాక ఆయన సెండ్‌కి మారాలి, ఆయనది చివరివాళ్లు సరిచూడాలి. ఈ ఆఖరి ముక్క మరిచిపోయి, నాయకుడే రోజంతా సెర్చ్ మోడ్‌లో తిరిగిన సందర్భాలున్నాయి. ఆయన కూరుకుపోతే ఎవరికీ దొరకడు.

ట్రాన్సీవర్ బ్యాగులో కాదు, ఒంటికి కట్టుకోవాలి, పై జాకెట్ లోపల. ఫోన్, రేడియో, కెమెరా, వేడి గ్లోవ్స్, అయస్కాంతపు బొత్తాలు సెండ్‌లో 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నా మొదటి అభ్యాసంలో అదే జేబులో ఫోన్ పెట్టుకుని, బాణం ఎటు చూపితే అటు తిరుగుతూ పావుగంట గడిపాను. పాతిపెట్టింది సంచిని కాబట్టి సరిపోయింది.

ఎయిర్‌బ్యాగ్ ఉంటే పిడి బయటికి తీసి, తొడ పట్టీ బిగించండి. పట్టీ వదిలేస్తే బ్యాగ్ మాత్రమే పైకి తేలుతుంది. పోల్స్ పట్టీలు మణికట్టు నుంచి తీసేయండి.

4. "వద్దు" అనే హక్కు అందరికీ ఇవ్వండి

2012 ఫిబ్రవరి 19న అమెరికాలో స్టీవెన్స్ పాస్ స్కీ ప్రాంతం పక్కనున్న టనల్ క్రీక్‌లో 16 మంది కలిసి దిగడానికి బయల్దేరారు. వాళ్లలో చాలామంది ఆరితేరినవాళ్లు. అవలాంచ్‌లో ముగ్గురు చనిపోయారు, ఎయిర్‌బ్యాగ్ లాగిన ఒకావిడ బతికింది. జట్టులో కొందరికి అనుమానం వచ్చినా, ఇంతమంది తెలిసినవాళ్లు ఉండగా మనమేం చెప్తాం అని ఊరుకున్నారు.

కాబట్టి ముందే ఒప్పుకోండి: ఒక్కరు వద్దన్నా వెనక్కి. కారణం చెప్పాల్సిన పని లేదు. జట్టు నలుగురికి మించకపోతే మాట వినబడుతుంది. "నిన్న కూడా ఇక్కడే దిగాం", "అదిగో జాడలున్నాయి కదా", "ఇంత దూరం వచ్చి..." అనే మాటలు వినిపించాయంటే అప్పుడే ఆగి ఆలోచించాలి. పదిమంది దాటాక పదకొండోవాడి బరువుకి తెగిన వాలులూ ఉన్నాయి.

ఇది మీ ఒక్కరి ప్రాణం సంగతి కాదు. కింద ఎవరున్నారో చూడకుండా దిగకండి. కట్టిన తాడు దాటడం, మూసిన దారిలో దూరడం ధైర్యం కాదు. ఇటలీలో అవలాంచ్ ముప్పు ఉన్న చోట దారి వదిలి స్కీ చేయాలంటే ట్రాన్సీవర్, ప్రోబ్, పార చట్టప్రకారమే తప్పనిసరి, 2022 నుంచి. అజాగ్రత్తతో అవలాంచ్ కదిలిస్తే అక్కడ క్రిమినల్ కేసు కూడా అవుతుంది. అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రవర్తన నియమాల్లో ప్రమాదం జరిగితే సాయం చేయడం ప్రతి స్కీయర్ బాధ్యత అని ఉంది. సాయం చేయాలంటే పరికరం ఉండాలి, వాడటం రావాలి.

5. వాలు మీద కళ్లు, చెవులు తెరిచి ఉంచండి

- పక్క వాలులో తాజాగా జారిన గుర్తులు. ఇంతకంటే పెద్ద హెచ్చరిక లేదు.
- కాలు పెట్టగానే "వుమ్ఫ్" అని లోపల కుంగిన శబ్దం.
- స్కీ కింద నుంచి దూరంగా పరిగెత్తే పగుళ్లు.
- గత రెండు రోజుల్లో భారీగా మంచు, గట్టి గాలి.
- ఎండ ముదిరి మంచు తడిసి బంతుల్లా దొర్లడం.

శబ్దమో పగుళ్లో వచ్చాక "ఇంకో పది మీటర్లు" అనకండి. వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

ప్రమాదమున్న వాలు దాటాల్సి వస్తే ఒక్కొక్కరే. మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి కంటితో వెంబడించాలి. "చూస్తున్నాను" అంటే ఫోటో తీయడం కాదు. ఎక్కడ మాయమయ్యారో గుర్తుంటేనే వెతకడం తొందరగా మొదలవుతుంది. లోయలు, గోతులు, చెట్ల మీదికి తోసే వాలులు వదిలేయండి. అలాంటి చోట చిన్న అవలాంచ్ కూడా లోతుగా పూడుస్తుంది.

6. మీ కింద పలక తెగితే

రెండు మూడు సెకన్లే ఉంటాయి.

ముందు అరవండి, చూసేవాళ్లకి తెలియాలి. ఎయిర్‌బ్యాగ్ పిడి లాగండి, "నిజంగానేనా" అని ఆలోచిస్తూ కూర్చోకండి. స్కీలు అదుపులో ఉన్నంతసేపు పక్కకి, వాలుగా, వేగంగా తప్పుకోండి. పడిపోతే పోల్స్ వదిలేసి, చెట్టో రాయో అందితే పట్టుకోండి. కొట్టుకుపోతుంటే పైన ఉండటానికి శక్తికొద్దీ పెనుగులాడండి. నోరు మూసి ఉంచండి.

వేగం తగ్గుతోందనిపించగానే, ఆగక ముందే, చేతులు ముఖం ముందుకి తెచ్చి ఖాళీ చేసుకోండి. ఆగాక చేయలేరు. ఆ గాలి గూడే మీ సమయాన్ని పొడిగిస్తుంది. పైకి దగ్గరగా ఉన్నారనిపిస్తే ఒక చెయ్యి పైకి చాపండి.

కదలలేకపోతే నెమ్మదిగా ఊపిరి తీయండి. ఊరికే అరవకండి. పైవాళ్ల మాటలు మీకు వినబడొచ్చు, మీ గొంతు వాళ్లకి దాదాపు వినబడదు. టెన్షన్ పడకండి అని రాయడం నాకు సులువే, కానీ ఊపిరి వేగం తగ్గించడం తప్ప అక్కడ మీ చేతిలో ఇంకేమీ లేదు.

7. మీ జట్టులోవాళ్లు కూరుకుపోతే: వెతకడం

ఇంకో అవలాంచ్ వచ్చేలా ఉందా అని ఒక్కసారి పైకి చూడండి. మీరూ కూరుకుపోతే ఎవరూ మిగలరు.

ఒకరు నాయకత్వం తీసుకుని ఎంతమంది లేరో లెక్కపెట్టాలి. బయట ఉన్నవాళ్లందరి ట్రాన్సీవర్లు సెర్చ్‌లోకి మారాలి. ఒక్కరు మరిచినా మీరు పట్టుకునేది వాళ్ల సిగ్నలే. ఇద్దరు ముగ్గురుంటే ఒకరు అత్యవసర నంబరుకి ఫోన్ చేయాలి. ఒక్కరే మిగిలితే, సిగ్నల్ వెంటనే అందితే ఒక్క నిమిషంలో చెప్పేసి వెతకండి. సిగ్నల్ కోసం కొండెక్కకండి.

చివరిసారి కనిపించిన చోటి నుంచి కిందికి వెళ్లండి. గ్లోవ్, స్కీ, బయటికి పొడుచుకొచ్చిన చెయ్యి కోసం కళ్లతో కూడా వెతకండి. తెరకే కళ్లు అప్పగించి పక్కనున్న చేతిని దాటిపోకండి. చాలామంది ఉంటే మనిషికి మనిషికి 40 మీటర్లు వదిలి సమాంతరంగా వెళ్లండి. ఒక్కరే అయితే అటూ ఇటూ మెలికలు తిరుగుతూ దిగండి.

సిగ్నల్ దొరికాక బాణం వెంట వెళ్లండి. అంకె తగ్గాలి. పెరుగుతుంటే వెనక్కి తిరగండి. దారి తిన్నగా ఉండదు, వంపు తిరుగుతుంది, కంగారు పడకండి. 10 మీటర్లలో నెమ్మదించండి. 3 మీటర్లలో స్కీలు తీసేసి, ట్రాన్సీవర్‌ని మంచుకి ఆనించి, తిప్పకుండా, ముందుకీ వెనక్కీ, తర్వాత కుడికీ ఎడమకీ నెమ్మదిగా జరపండి. అతి చిన్న అంకె వచ్చిన చోట గుర్తు పెట్టండి. ఇక్కడ సున్నా రాదు. అంకె 1.2 దగ్గర ఆగిందంటే మనిషి సుమారు అంత లోతులో ఉన్నారు. సున్నా వచ్చేదాకా వెతుకుతూ నిమిషాలు పోగొట్టుకోవడం కొత్తవాళ్లలో చాలా మామూలు తప్పు.

8. ప్రోబ్ గుచ్చడం

గుర్తు దగ్గర మొదలుపెట్టి, 25 సెంటీమీటర్ల దూరంలో చుట్టలు చుట్టినట్టు గుచ్చుతూ వెళ్లండి. మంచు ఉపరితలానికి లంబంగా గుచ్చాలి, ఆకాశం వైపు నిటారుగా కాదు. వాలు మీద ఈ రెండూ వేరు. మనిషి తగిలితే మెత్తగా, కొంచెం స్ప్రింగులా అనిపిస్తుంది. నేల తగిలితే టక్కున ఆగుతుంది.

తగలగానే ప్రోబ్ అక్కడే వదిలేయండి. తీసేస్తే మళ్లీ మొదటికొస్తారు.

9. తవ్వడం

ఎక్కువ సమయం పోయేది దీనికే, అభ్యాసంలో అందరూ వదిలేసేదీ దీన్నే. ట్రాన్సీవర్‌తో మూడు నిమిషాల్లో కనిపెట్టి, పారతో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టిన జట్లను చూశాను.

ప్రోబ్ మీద లోతు చూడండి. ప్రోబ్ పక్కనే నిలువుగా గొయ్యి తీయకండి. లోతుకి ఒకటిన్నర రెట్లు దూరం కిందికి వెళ్లి, ప్రోబ్ వైపు అడ్డంగా తవ్వుకుంటూ రండి. మీటరు కన్నా తక్కువ లోతైతే ప్రోబ్‌కి కాస్త కిందే చాలు. ప్రోబ్ గుచ్చిన చోటి మీద ఎవరూ నిలబడకూడదు, కింద ఉన్న గాలి గూడు నలిగిపోతుంది.

ముగ్గురు నలుగురుంటే వి ఆకారంలో నిలబడండి. ముందున్నవాళ్లు దిమ్మలుగా కోసి వెనక్కి నెడతారు, వెనకవాళ్లు పడవ తెడ్డు వేసినట్టు కిందికి తోస్తారు. ఎత్తి విసరకండి, నడుం పోతుంది. రెండు మూడు నిమిషాలకోసారి ముందువాళ్లు మారాలి.

10. ముఖం దొరికాక

తల, ఛాతీ ముందు. కాళ్ల సంగతి తర్వాత. నోట్లో మంచు ఉంటే తీసేయండి, ముఖం ముందు గాలి గూడు ఉందో లేదో గుర్తుపెట్టుకోండి, డాక్టర్లు అడుగుతారు. ఊపిరి లేకపోతే అయిదు సార్లు నోటితో గాలి ఊది, స్పందన లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టండి. చనిపోయారనుకుని వదిలేయకండి. బాగా చల్లబడిన మనిషికి గుండె ఆగినట్టే ఉన్నా కొన్నిసార్లు బతికించగలరు, ఆ తీర్పు ఆసుపత్రిలో జరగాలి. ఎక్కువసేపు లోపల ఉన్నవాళ్లను పడుకోబెట్టే కదిలించండి, కుదపకండి, కింద ఏదైనా పరిచి మీద జాకెట్ కప్పండి. ఇంకెవరైనా కూరుకుపోయి ఉంటే దొరికినవాళ్ల ట్రాన్సీవర్ ఆపేయండి.

మీకు నిజంగా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి

సెండ్‌లో పెట్టిన ట్రాన్సీవర్‌ని డబ్బాలో వేసి, పాత సంచిలో చుట్టి, మీటరు లోతున పాతిపెట్టమనండి. మీకు చోటు తెలియకూడదు. 50 మీటర్ల దూరం నుంచి బయల్దేరి, సంచి చేతిలోకి వచ్చేదాకా టైం పెట్టుకోండి. 10 నిమిషాలు దాటిందంటే ఎక్కడ పోయిందో విడివిడిగా రాసుకోండి: వెతకడానికి ఎంత, గుచ్చడానికి ఎంత, తవ్వడానికి ఎంత. రెండోసారి ఎక్కువ పట్టిన ముక్కనే అభ్యాసం చేయండి. గ్లోవ్స్ వేసుకునే చేయండి, ఆ రోజు గ్లోవ్స్ తీసే వీలుండదు. ఆ తర్వాత రెండు సంచులు పాతిపెట్టి చూడండి, తెర మీద రెండు సిగ్నళ్లు కలిసి వస్తే బుర్ర ఎలా ఆగిపోతుందో అప్పుడు తెలుస్తుంది. దీనికి, దొరికినవాళ్ల సిగ్నల్‌ని పక్కన పెట్టే మార్కింగ్ బటన్ ఉంటుంది, ఎక్కడుందో మాన్యువల్ చూడండి.

ఒక్క రోజు క్లాసుకి వెళ్లే అవకాశం ఉంటే వదులుకోకండి, ఈ రాతని చదివి ఆపేయకండి.

సీజన్ అయిపోయాక ట్రాన్సీవర్‌లోంచి బ్యాటరీలు తీసేయండి, లోపల కారి పరికరం పాడవుతుంది. వచ్చే సీజన్‌కి కొత్త ఆల్కలైన్ బ్యాటరీలు వేయండి. రీచార్జబుల్‌వి, లిథియంవి కంపెనీ ఒప్పుకుంటే తప్ప వద్దు, అవి అయిపోయే దాకా నిండుగానే చూపిస్తాయి.